రైఫిల్ తూటా ఎలా ఎంచుకోవాలి: టెక్సస్‌లో వేట మొదలుపెట్టే తెలుగువారికి

మన ఊళ్ళలో తుపాకీ అంటే పోలీసు భుజం మీది త్రీ నాట్ త్రీ, బ్యాంకు గేటు దగ్గర గార్డు చేతిలోని డబుల్ బ్యారెల్. చాలామందికి పరిచయం అంతటితో సరి. టెక్సస్ వచ్చాక ఆఫీసులో పక్క సీటు అతను "నవంబర్‌లో మా రాంచ్‌కి రా, జింక వేటకి వెళ్దాం" అంటాడు. ఉత్సాహంగా షాపుకి వెళ్తే గోడ నిండా తూటాల పెట్టెలు. .223, .243, .270, .308, .30-06, 6.5 క్రీడ్‌మోర్, .300 బ్లాకౌట్. ఒక్కో పెట్టె మీద మళ్ళీ గ్రెయిన్ అని ఇంకో అంకె. ఏది దేనికో అర్థం కాక, కౌంటర్ దగ్గర ఉన్నతను ఏది చేతిలో పెడితే అది తీసుకుని వచ్చేస్తాం.

నేనూ అలాగే తెచ్చుకున్నాను. దాని ఫలితం ఒక ఆడజింక అనుభవించింది. ఆ సంగతి తర్వాత చెప్తాను. ఆ గోడ ముందు నిలబడినప్పుడు మీకు ఏం తెలిసి ఉండాలో వరసగా రాస్తున్నాను. ఇదంతా టెక్సస్‌లో చట్టబద్ధమైన వేట, రేంజ్ (తుపాకీ కాల్చే మైదానం) ప్రాక్టీసుల గురించే. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. సెలవులకు వెళ్ళినప్పుడు అక్కడ ఎవరో పిలిచారని అడవికి వెళ్ళే ఆలోచన పెట్టుకోకండి.

ముందు మీ వీసా చూసుకోండి

తూటా కొనేముందు చేయాల్సిన పని ఇది. మనవాళ్ళలో చాలామందికి ఈ విషయం తెలియదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్1బి, హెచ్4, ఎఫ్1, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, అందరూ ఇందులోకే వస్తారు. చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మనకు ఉపయోగపడేది హంటింగ్ లైసెన్స్: అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని లైసెన్స్ చేతిలో ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవి పందులను వేటాడటానికి 2019 సెప్టెంబర్ నుంచి టెక్సస్ రాష్ట్రం హంటింగ్ లైసెన్స్ అడగడం లేదు. అది విని "పందులకి లైసెన్స్ అక్కర్లేదట" అని హెచ్1బి మీద ఉన్నవారు లైసెన్స్ లేకుండా రైఫిల్ పట్టుకుని వెళ్తే, రాష్ట్ర చట్టం ఏమీ అనదు కానీ ఫెడరల్ చట్టం పట్టుకుంటుంది. వీసా మీద ఉన్నంత కాలం లైసెన్స్ తీసుకోండి, గడువు తేదీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఏమాత్రం అనుమానం ఉన్నా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే రేంజ్‌కి వెళ్ళండి. అమ్మానాన్నలను సరదాగా తీసుకెళ్ళి రైఫిల్ చేతికిచ్చి ఫొటో తీయించడం కూడా ఇందులో భాగమే. ఆ ఫొటో కోసం రిస్క్ తీసుకోకండి.

దీంతో పాటు 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు టెక్సస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. 17 ఏళ్ళు నిండినవారు పూర్తిగా ఆన్‌లైన్‌లోనే చేయవచ్చు. అయినా ఎదురుగా కూర్చోబెట్టి నేర్పే క్లాసు దగ్గరలో దొరికితే దానికే వెళ్ళమంటాను. తుపాకీ చేత్తో పట్టుకుని నేర్చుకున్నది మరిచిపోలేం.

బ్యారెల్ మీద చెక్కింది చదవండి

రైఫిల్ నోరు సురక్షితమైన వైపు తిప్పి, మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసేసి, బోల్ట్ (వెనక నుంచి మూసే కడ్డీ) వెనక్కి లాగి, చాంబర్ (తూటా కూర్చునే అర) ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలు పెట్టి కూడా చూడండి. ఇప్పుడు బ్యారెల్ మీద చదవండి. బోల్ట్ ఉండే భాగానికి దగ్గరగా ఆ రైఫిల్ ఏ తూటాకి తయారైందో చెక్కి ఉంటుంది. దాన్ని ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. షాపులో పెట్టె మీద ఉన్న పేరు దీనితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. రేంజ్‌లో పెట్టె విప్పాక తూటా అడుగు భాగం తిప్పి చూడండి. అక్కడ గుండ్రంగా చెక్కిన పేరు కూడా అదే అయి ఉండాలి. బ్యారెల్, పెట్టె, తూటా అడుగు, ఈ మూడింటిలో ఒక్కటి తేడా ఉన్నా పేల్చవద్దు.

"దాదాపు అదే కదా" అనే మాట ఇక్కడ ప్రాణాల మీదకి తెస్తుంది. ఒక శనివారం నా పక్క బెంచీలో ఇద్దరు స్నేహితులు రెండు ఏఆర్-15 రైఫిళ్ళు తెచ్చుకున్నారు. ఒకటి .223, రెండోది .300 బ్లాకౌట్. మ్యాగజైన్లు రెండింటికీ ఒకటే, చూడటానికీ తేడా లేదు. రేంజ్ ఆఫీసర్ అటుగా వెళ్తూ ఒక్కసారి ఆగి "తుపాకీ కింద పెట్టండి" అన్నాడు. .223 రైఫిల్ పక్కన ఉన్న మ్యాగజైన్‌లో బ్లాకౌట్ తూటాలు ఉన్నాయి. ఆయన రెండు తూటాలు అరచేతిలో పక్కపక్కన పెట్టి మా అందరికీ చూపించాడు. అడుగు భాగం రెండింటికీ ఒకటే, ఎందుకంటే బ్లాకౌట్ ఇత్తడి కేసు .223 కొలతల్లోంచే పుట్టింది. కానీ ఒకదాని గుండు (తూటా పైన ఉండి ఎగిరి వెళ్ళే భాగం) బాల్‌పెన్ మొనలా సన్నగా, రెండోదాని గుండు దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు లావుగా ఉంది. ఆ లావు గుండు సన్న బ్యారెల్‌లో పట్టదు. అయినా కొన్నిసార్లు బోల్ట్ మూసుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కితే రైఫిల్ ముఖం ముందే పగిలిపోతుంది. ఇంట్లో ఆ రెండు రకాలూ ఉంటే మ్యాగజైన్లకు రంగు టేపు చుట్టండి. రేంజ్‌కి ఒక్కసారికి ఒకటే తీసుకెళ్ళండి.

ఇలాంటివే ఇంకొన్ని జతలు ఉన్నాయి. .308, .270 తూటాలు రెండూ .30-06 చాంబర్‌లోకి వెళ్ళిపోతాయి, కానీ దానికి చెందినవి కావు. .223, 5.56 నాటో తూటాలు పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. 5.56 రైఫిల్‌లో .223 నిశ్చింతగా కాల్చవచ్చు. .223 అని మాత్రమే రాసి ఉన్న రైఫిల్‌లో 5.56 వద్దు. మిలిటరీ తూటాలో ఒత్తిడి ఎక్కువ, పైగా దాని చాంబర్‌లో గుండు ముందు వదిలే ఖాళీ కూడా వేరు.

తూటా వేరు, గుండు వేరు

మనం మాటల్లో అన్నిటినీ బుల్లెట్ అనేస్తాం. షాపులో గందరగోళం అక్కడే మొదలవుతుంది. మొత్తం వస్తువు తూటా. దానిలో నాలుగు భాగాలు: ఇత్తడి కేసు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల తుపాకీమందు, పైన గుండు. ఎగిరి వెళ్ళేది గుండు మాత్రమే. పెట్టె మీద 150 గ్రెయిన్లు అని ఉంటే అది గుండు బరువు, మందు బరువు కాదు. ఒక పౌండుకి 7000 గ్రెయిన్లు. అంటే 150 గ్రెయిన్ల గుండు సుమారు 9.7 గ్రాములు. గ్రెయిన్ అంటే ధాన్యపు గింజ. మన కంసాలులు గురిగింజలతో బంగారం తూచినట్టే వాళ్ళు గింజలతో తూచారు, ఆ కొలత తూటాల్లో ఈనాటికీ మిగిలిపోయింది.

ఇక కాలిబర్. ఇది స్థూలంగా బ్యారెల్ రంధ్రం వెడల్పు. అమెరికా పేర్లలో అంగుళాల్లో, యూరప్ పేర్లలో మిల్లీమీటర్లలో ఉంటుంది. అయితే రైఫిల్ బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాళ్ళు ఉంటాయి. గుండును బొంగరంలా తిప్పేవి అవే. గాడి లోతు నుంచి కొలిస్తే ఒక అంకె, గట్టు మీద నుంచి కొలిస్తే కాస్త చిన్న అంకె వస్తుంది. పేరు పెట్టినవారు ఎవరికి నచ్చింది వారు తీసుకున్నారు. మనకు తెలిసిన త్రీ నాట్ త్రీ పేరు గట్ల మధ్య కొలత, దాని గుండు మాత్రం సుమారు .311 అంగుళాలు. .270 గుండు .277. .308 పేరూ గుండూ ఒకటే. 7.62 మిల్లీమీటర్లు అంటే సరిగ్గా .300 అంగుళాలు, కానీ 7.62 నాటో తూటాలో ఉండేది కూడా .308 గుండే. కాబట్టి పేరులోని అంకెను కొలతగా లెక్కలు కట్టకండి, ఇంటిపేరులా గుర్తుపెట్టుకోండి.

రెండో అంకె సంగతి మరీ విచిత్రం. .30-06లో 06 అంటే 1906, అమెరికా సైన్యం దాన్ని తీసుకున్న ఏడాది. .30-30లో రెండో 30 అంటే అది వచ్చిన కొత్తలో పోసిన మందు గ్రెయిన్లు. .45-70లోని 70 కూడా మందే, కాకపోతే అది పాతకాలపు నల్ల తుపాకీమందు. 7.62×51లో 51 అంటే కేసు పొడవు మిల్లీమీటర్లలో. వెనక ఉండే విన్చెస్టర్, రెమింగ్టన్ లాంటి పేర్లు ఆ తూటాను మొదట తెచ్చిన కంపెనీవి. .308 విన్చెస్టర్ అంటే మీ రైఫిల్ కూడా విన్చెస్టర్ కంపెనీదే కావాలని కాదు. ఏ కంపెనీ తూటా అయినా తూటా పేరు సరిపోతే చాలు.

ఒక కుటుంబం గురించి తెలిస్తే ఆ గోడలో సగం అర్థమైపోతుంది. 1952లో .308 వచ్చింది. దాని కేసు మెడ సన్నగా నొక్కి చిన్న గుండు పెడితే 1955లో .243 అయింది. అదే కేసుకి 7 మిల్లీమీటర్ల గుండు పెడితే 7ఎంఎం-08. ఇవి అన్నదమ్ముల లాంటివి. చిన్నది పెద్దదాని కంటే తక్కువ తన్నుతుంది, అంటే పేలినప్పుడు భుజాన్ని వెనక్కి నెట్టే దెబ్బ తక్కువ. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ వేరే కుటుంబం, కానీ ఇదే సైజు రైఫిళ్ళలో ఇమిడిపోతుంది. పొడవైన సన్న గుండు కావడంతో గాలిలో వేగం నిలబెట్టుకుంటుంది, భుజం మీద దెబ్బా తక్కువే.

వేటాడే జంతువును బట్టి

టెక్సస్‌లో కొత్తవారు ముందు వెళ్ళేది వైట్‌టెయిల్ జింకకే. హిల్ కంట్రీ (టెక్సస్ మధ్యలోని గుట్టల ప్రాంతం) జింకలు ఉత్తరాది రాష్ట్రాల వాటితో పోలిస్తే చిన్నవి. జింకకు గుండు తగిలే చోట కనీసం 1000 ఫుట్-పౌండ్ల (గుండు దెబ్బను కొలిచే కొలత) శక్తి మిగలాలని పాత వేటగాళ్ళ లెక్క. కొలరాడోలో ఇది ఏకంగా నిబంధన: పెద్ద జంతువుల వేటకు 100 గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్లు, కాలిబర్ కనీసం .24, జింకకు గుండు కనీసం 70 గ్రెయిన్లు, ఎల్క్ అనే పెద్ద జింక జాతికి 85 ఉండాలి. టెక్సస్‌లో అంత కట్టడి లేదు. .22 లాంగ్ రైఫిల్ వంటి రిమ్‌ఫైర్ (నిప్పు పుట్టించే మందు అడుగు అంచులో ఉండే) తూటాలతో మాత్రం వైట్‌టెయిల్ జింకను వేటాడకూడదు. .223 చట్టప్రకారం చెల్లుతుంది కానీ మామూలు 55 గ్రెయిన్ల గుండు 100 గజాలు చేరేసరికే ఆ వెయ్యి గీత దగ్గరికి పడిపోతుంది. అనుభవం ఉన్నవారు దానితోనూ కొడతారు. మొదటి జింకకు మీరు దాన్ని తీసుకెళ్ళకండి.

.243లో 100 గ్రెయిన్లు, 6.5 క్రీడ్‌మోర్‌లో 140 చుట్టుపక్కల, .270లో 130, .308లో 150, .30-06లో 150 లేదా 165. టెక్సస్ జింకకు వీటిలో ఏదైనా సరిపోతుంది. ఇంతకంటే పెద్దది అక్కర్లేదు. వీటి మధ్య జింకకు తెలిసే తేడా లేదు, తేడా తెలిసేది మీ భుజానికి. .30-06 తన్నులో .243 తన్ను సుమారు సగం. చిన్న ఒళ్ళు ఉన్నవారు, కొత్తవారు, పిల్లలకు నేర్పేవారు .243 గానీ 6.5 గానీ తీసుకోండి. ఒకే రైఫిల్‌తో జింక, పంది అన్నీ కావాలి, ఏ చిన్న ఊరి షాపులోనైనా తూటాలు దొరకాలి అంటే .308 తీసుకోండి.

మనల్ని ఆశ్చర్యపరిచే జంతువులు ఇక్కడ రెండు ఉన్నాయి. హిల్ కంట్రీలో యాక్సిస్ అనే జింక కనిపిస్తే దగ్గరగా చూడండి, అది మన నల్లమల చుక్కల దుప్పే. 1930లలో ఇక్కడికి తెచ్చారు, ఇప్పుడు అడవిలో మందలుగా తిరుగుతోంది. దక్షిణ టెక్సస్‌లో నీల్‌గాయ్ ఉంది, అది మన మనుబోతు. ఇవి రెండూ ఇక్కడి జంతువులు కావు కాబట్టి టెక్సస్ వాటికి సీజన్ పెట్టలేదు. లైసెన్స్, భూమి యజమాని అనుమతి ఉంటే చాలు. చుక్కల దుప్పికి జింక తూటాలే సరిపోతాయి. మనుబోతు అలా కాదు. దళసరి తోలు, గట్టి ఎముక, తగిలాక కూడా చాలా దూరం పరుగెత్తే మొండితనం దాని సొంతం. .30-06లో 180 గ్రెయిన్ల గట్టి గుండు నా దృష్టిలో మొదలు మాత్రమే. చాలామంది .300 విన్చెస్టర్ మ్యాగ్నమ్ తీసుకెళ్తారు. మొదటి రెండేళ్ళు మనుబోతు జోలికి వెళ్ళకండి.

అడవి పంది విషయంలో ఒక్కటే గుర్తుంచుకోండి. ముదిరిన మగ పందికి భుజాల మీద డాలులాంటి గట్టి తోలు పొర ఉంటుంది. గుండు పైపైన విచ్చుకుని ఆగిపోయే రకమైతే ఆ పంది గాయంతో పారిపోతుంది.

గుండు ఎలాంటిది

కాలిబర్ కంటే ఇది ముఖ్యం, కొత్తవారు చూడనిది కూడా ఇదే. వేటకు గుండు లోపలికి వెళ్ళాక పువ్వులా విచ్చుకోవాలి. అప్పుడే జంతువు త్వరగా, తక్కువ బాధతో పోతుంది. పెట్టె మీద ఈ మాటలు వెతకండి.

సాఫ్ట్ పాయింట్: మొన దగ్గర సీసం బయటికి కనిపిస్తుంది. పాత పద్ధతి, చవక, మామూలు దూరాల్లో జింకకు నిక్షేపంగా పనిచేస్తుంది. నా సంచీలో ఎక్కువసార్లు ఉండేది ఇదే.

పాలిమర్ టిప్: మొనకి రంగు ప్లాస్టిక్ ఉంటుంది. గాలిలో వేగం నిలుస్తుంది, తగలగానే విచ్చుకోవడం మొదలవుతుంది. దూరం ఎక్కువైతే బాగుంటుంది.

బాండెడ్: లోపలి సీసం, పైన రాగి తొడుగు విడిపోకుండా అతికించి ఉంటాయి. పందికి, పెద్ద జంతువులకు ఇది.

పూర్తి రాగి గుండు: సీసం అసలుండదు, లోతుగా దిగుతుంది. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం లేని తూటాలే వాడాలి, కాబట్టి అక్కడి బంధువుల దగ్గరికి వెళ్ళి వేటాడాలంటే ఇదే కొనాలి. మాంసం పిల్లలకు కూడా వండిపెట్టేవారు సీసపు పొడి భయం లేదని దీన్నే ఇష్టపడతారు. వేట కూర ఇంట్లో అందరూ తింటారు కాబట్టి ఈ మాట కొట్టిపారేయకండి.

ఎఫ్ఎంజే, అంటే మొన వరకూ రాగి తొడుగు కప్పినది, వేటకు పనికిరాదు. విచ్చుకోకుండా సూదిలా దూసుకుపోతుంది, జంతువు గాయంతో చాలా దూరం వెళ్ళి చస్తుంది. చాలా రాష్ట్రాల్లో వేటకు నిషేధం కూడా. మ్యాచ్ అని రాసినవి పోటీల కోసం కాగితం మీద గురి తప్పకుండా తయారైనవి. కొన్నిటికి మొన దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది, అది చూసి వేట గుండు అనుకోకండి. అవి లోపల ఎలా ప్రవర్తిస్తాయో నమ్మకం లేదు.

ఎవరైనా తాతల కాలపు .30-30 లీవర్ రైఫిల్ (కింది మీట ఆడించి తూటా ఎక్కించేది) ఇస్తే ఇంకో జాగ్రత్త. బ్యారెల్ కింద గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా నిలుస్తాయి. వెనకదాని మొన ముందుదాని ప్రైమర్‌ను తాకుతూ ఉంటుంది. అందుకే వాటికి మొన చదునుగా ఉన్న గుండ్లు, లేదా ఈ రైఫిళ్ళ కోసమే చేసిన మెత్తటి రబ్బరు మొన గుండ్లే పెట్టాలి. గట్టి సూది మొన పెడితే లోపలే పేలే ప్రమాదం ఉంది.

ఆ ఆడజింక

నా మొదటి రైఫిల్ .300 విన్చెస్టర్ మ్యాగ్నమ్. "ఇది కొంటే ఇంక దేనికైనా సరిపోతుంది" అన్నారు షాపులో. రేంజ్‌లో ఎనిమిదో గుండుకే భుజం కమిలింది. ఆ తర్వాత నుంచి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్ళు మూసుకుంటున్నానని నాకే తెలియలేదు. తూటాలు ఖరీదు, నొప్పి ఎక్కువ, అందుకని ప్రాక్టీసు మానేశాను. నవంబర్‌లో 90 గజాల దూరంలో ఆడజింక నిలబడింది. అంత దగ్గరలో గుండు నాలుగైదు అంగుళాలు వెనక్కి, పొట్టలో తగిలింది. చీకటి పడింది. సెడార్ పొదల కింద సున్నపురాళ్ళ మీద చిన్న చిన్న నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ టార్చిలైటుతో రాత్రి పదిన్నర వరకూ తిరిగాం. ఒక పొద దగ్గర పడుకుని ఉంది, ఇంకా ప్రాణం ఉంది. దాని కళ్ళలో టార్చి వెలుగు పడినప్పుడు నాకు కలిగిన సిగ్గు ఈ రోజుకీ పోలేదు.

ఆ వారమే ఆ రైఫిల్ అమ్మేసి .308 కొన్నాను. మీరు నొప్పి లేకుండా, డబ్బుకి వెనకాడకుండా ఏడాదంతా కాల్చగలిగే తూటాయే మీకు సరైన వేట తూటా. ఎక్కువ శక్తి మంచి గురికి బదులు కాదు.

ప్రాక్టీసుకి ఏం కొనాలి

ప్రాక్టీసు మూడు అంచెలుగా చేయండి. మొదటిది .22 లాంగ్ రైఫిల్. 1887 నుంచి ఉన్న ఈ చిన్న తూటా శబ్దం, తన్ను రెండూ తక్కువ, చవక. ఊపిరి, ట్రిగ్గర్, చెంప ఆనించే తీరు, ఇవన్నీ దీనితోనే అలవాటవుతాయి. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీలు కూడా దీనితోనే జరుగుతాయి. చిన్నదని అలుసు చేయకండి, ఆ గుండు మైలుకు పైగా వెళ్తుంది. మరో మాట: .22 రైఫిల్‌ను ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి ఆడించకండి. మాన్యువల్ ఒప్పుకుంటేనే సరే, లేదంటే పిన్ను చాంబర్ అంచుకు కొట్టుకుని పాడవుతుంది.

రెండో అంచె మీ వేట రైఫిల్‌తో ఎఫ్ఎంజే. ఇది వేట తూటాకంటే బాగా చవక. కాగితం టార్గెట్ మీద దీనితో మీకు రైఫిల్ అలవాటవుతుంది. కొనేముందు మీ రేంజ్ నియమాలు చదవండి. చాలాచోట్ల తూటా మొనకి అయస్కాంతం పెట్టి చూస్తారు, అంటుకుంటే వెనక్కి పంపేస్తారు. ఉక్కు ఉన్న గుండ్లు ఇనుప టార్గెట్లను పాడుచేస్తాయి, నిప్పురవ్వలు లేపుతాయి. ఎండాకాలం టెక్సస్ గడ్డిలో ఒక్క రవ్వ చాలు.

మూడోది, మీరు వేటకి తీసుకెళ్ళబోయే అదే పెట్టెలోని తూటాలు. 150 గ్రెయిన్ల ఎఫ్ఎంజేతో రైఫిల్ సరిచేసి, 150 గ్రెయిన్ల వేట తూటా పెట్టి వెళ్తే గుండు అదే చోట పడుతుందన్న నమ్మకం లేదు. బరువు ఒకటే అయినా కంపెనీ మారితే రెండుమూడు అంగుళాలు పక్కకి పోవచ్చు.

నేను చేసినట్టు మీరూ కళ్ళు మూస్తున్నారేమో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. రేంజ్ అనుమతిస్తే, స్నేహితుడిని మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య ఒకటి రెండు డమ్మీ తూటాలు కలిపి పెట్టమనండి. ఏది ఎప్పుడు వస్తుందో మీకు తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు రైఫిల్ మొన కిందికి ఉలిక్కిపడితే, తప్పు రైఫిల్‌ది కాదు, భయానిది. మళ్ళీ .22కి వెళ్ళండి. నేను రెండు నెలలు వెళ్ళాను.

గురి సరిచేయడం

వేట తూటాలు ఒకే బరువులో రెండుమూడు కంపెనీలవి ఒక్కో పెట్టె కొనండి. 100 గజాల దగ్గర, సంచుల మీద రైఫిల్ ఆనించి, ఒక్కో రకం మూడేసి గుండ్లు కాల్చండి. మధ్యలో బ్యారెల్ చల్లబడనివ్వండి. మూడు రంధ్రాలు ఎక్కడ పడ్డాయని కాదు, ఎంత దగ్గరగా పడ్డాయో చూడండి. ఖరీదైనదే గెలుస్తుందని లేదు. నా .308కి మధ్యరకం ధర ఉన్న సాఫ్ట్ పాయింట్ ఒకటిన్నర అంగుళంలో పడుతుంది, దానికి రెట్టింపు ధరది మూడంగుళాలు చెదిరింది. ఒక్కో బ్యారెల్‌కి ఒక్కో తూటా పడుతుంది, కారణం వెతుక్కోవద్దు. గెలిచిన రకం నాలుగైదు పెట్టెలు, వీలైతే ఒకే లాట్ నంబరువి (ఒకే విడతలో తయారైనవి), కొని పెట్టుకోండి. అక్టోబర్‌లో షాపులు ఖాళీ అయిపోతాయి, ఆగస్టులోనే పని ముగించండి.

తర్వాత ఆ తూటాతో స్కోపు (రైఫిల్ మీద గురి చూసే దుర్బీను) సరిచేయండి. చాలా స్కోపుల్లో ఒక క్లిక్‌కు 100 గజాల దగ్గర పావు అంగుళం జరుగుతుంది. .308లో 150 గ్రెయిన్ల గుండు 100 గజాలకు సరిపెడితే 200 దగ్గర సుమారు నాలుగు అంగుళాలు, 300 దగ్గర అడుగుకు పైగా కిందికి పడుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు ఎనిమిది అంగుళాల వలయం. ఒక పేపర్ ప్లేటు తీసుకోండి, కూర్చుని, మోకాలి మీద, కర్ర ఆనుకుని కాల్చండి. పదికి పది ప్లేటులో పడే దూరమే మీ వేట దూరం. నాది 180 గజాలు. దానికి అవతల జింక ఎంత పెద్ద కొమ్ములతో నిలబడినా నేను సేఫ్టీ తీయను.

కాల్చేటప్పుడు రెండు సందర్భాలు తెలిసి ఉండాలి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే బోల్ట్ తీయకండి. రైఫిల్ నోరు టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. శబ్దం మామూలు కంటే నీరసంగా వస్తే అక్కడే ఆపేయండి. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు, దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ చీలుతుంది. ఖాళీ చేసి, రేంజ్ ఆఫీసర్‌ని పిలిచి బ్యారెల్‌లోంచి వెలుతురు కనిపిస్తోందో చూడమనండి.

ఇంట్లో, ప్రయాణంలో

తూటాలు అవి వచ్చిన పెట్టెల్లోనే, చల్లగా పొడిగా ఉండే చోట, తాళం వేసి, రైఫిల్‌కి వేరుగా ఉంచండి. పిల్లలున్న ఇంట్లో ఇందులో సడలింపు లేదు. టెక్సస్ గ్యారేజీ వేడి వాటికి మంచిది కాదు. విడిగా మిగిలిన తూటాలను ఒకే డబ్బాలో కలిపి పోయకండి, మొదట చెప్పిన బ్లాకౌట్ లాంటి పొరపాట్లు అక్కడే పుడతాయి.

ఇండియా ప్రయాణం గురించి తప్పకుండా చెప్పాలి. ఒక్క తూటా సామాన్లలో దొరికినా అక్కడి విమానాశ్రయంలో 1959 ఆయుధ చట్టం కింద కేసు పెడతారు. మర్చిపోయానని చెప్పినవారు కూడా కోర్టుల చుట్టూ తిరిగి, తెలియక జరిగిందని నిరూపించుకుని బయటపడాల్సి వచ్చింది. సెలవులన్నీ దానికే పోతాయి. రేంజ్‌కి వాడే సంచీ ఏ ప్రయాణానికీ వాడకండి. వేట జాకెట్టు సూట్‌కేసులో పెట్టకండి. హైదరాబాద్ ఫ్లైట్‌కి ముందు రాత్రి మా ఆవిడ నా పాత బ్యాక్‌ప్యాక్ తిరగేసి దులిపితే, పక్క జేబు కుట్టులోంచి ఒక .22 తూటా నేల మీద పడి సోఫా కిందికి దొర్లింది. అప్పటి నుంచి మా ఇంట్లో ప్రతి సంచీ తిరగేసి, జేబులన్నీ బయటికి లాగి, కుట్లలో వేలు పెట్టి చూశాకే సర్దుతాం.